హాజరు మేడమ్

ఆ స్కూల్లో సగానికి పైగా టీచర్లకి నెల జీతం అనే మాటే లేదు. పీరియడ్ చెబితే పీరియడ్ డబ్బులు. చెప్పకపోతే లేదు. జనం వాళ్లని గంట టీచర్లు అనేవారు. సెలవులిస్తే పిల్లలు ఎగిరి గంతేసేవారు, గంట టీచర్ల మొహాలు మాడిపోయేవి. జ్వరమొస్తే డబ్బుల్లేవు, కాన్పొస్తే డబ్బుల్లేవు, ఎన్నికల కోసం స్కూలు మూసేసినా డబ్బుల్లేవు. ప్రైవేటువాడు ఈ పని చేస్తే దోపిడీ అని పేరు పెట్టే ప్రభుత్వం, తాను చేసుకుంటూ దానికి పొదుపు అని పేరు పెట్టుకుంది. ఆ రాష్ట్రంలో ఏ ఊరి సర్కారు బడి చూసినా ఇదే వరస.

ఈ స్కూలు ప్రిన్సిపాల్ చెయ్యి చాచే మనిషి కాదు, తల వంచే మనిషీ కాదు. ఆమెకి ఉన్నది ఒకటే పట్టు. రావలసిన మనిషి రావలసిన వేళకి రావాలి. పొద్దున్నే గేటు దగ్గర తనే నిలబడేది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని కొట్టేది కాదు, తిట్టేది కాదు. పేరు పెట్టి పిలిచి, ఎందుకు ఆలస్యమైందో అందరి ముందూ చెప్పించేది. టీచర్లకీ అదే మర్యాద. "జీతం సర్కారుది, పెత్తనం ఈవిడది" అని సీనియర్లు స్టాఫ్ రూమ్‌లో గొణుక్కునేవారు. గొణుక్కుంటూనే గంట కొట్టకముందే వచ్చేవారు.

ఆమె ఆడపడుచు అదే స్కూల్లో లెక్కలు చెప్పేది. గంట టీచరే. మొగుడితో పడక, అన్న ఇంటి మేడ మీది గదిలో ఉండేది. ఒక రోజు పొద్దున వాన దంచికొట్టి వీధంతా మోకాలి లోతు నీళ్లయింది. వదినా ఆడపడుచూ ఒకే గుమ్మంలోంచి బయల్దేరారు. వదిన గొడుగు మూసి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోయింది. ఆడపడుచు చెప్పు మురుక్కాలువలో ఊడిపోయింది. అది చేతితో తడుముకుని తీసుకుని గేటు చేరేసరికి గంట కొట్టేశారు. ఆ పీరియడ్ డబ్బులు ప్రిన్సిపాల్ కోసేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆడపడుచు కంచం ముందుకి జరిపింది.

"వదినా, అన్నం పెడతావా, కంచం ముందుకి ఆలస్యంగా వచ్చానని దీనికీ కోతేనా?"

"ఇంట్లో నువ్వు నా ఆడపడుచువి. అక్కడ కాదు."

"అక్కడ నేనెవర్ని మరి?"

"టీచరువి."

"టీచర్లకి జీతాలుంటాయి వదినా. నాకున్నది కూలి."

ప్రిన్సిపాల్ భర్తకి ఇంటి ముందు గదిలోనే మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లు విప్పి, పాత రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టడం అతని పని. ఇల్లంతా ఆ వార్నిష్ వాసనే. అతను మజ్జిగ పోసుకుంటూ అన్నాడు.

"తీగకీ ఇనుముకీ మధ్య ఒక కాగితం పెడతామే, ఈ ఇంట్లో నేను ఆ కాగితాన్ని. మీ ఇద్దరూ వేడెక్కితే ముందు కాలేది నేనే. కాస్త నెమ్మది."

ఇద్దరూ నవ్వారు. కోసిన డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

స్కూలు కట్టడం బాగోగులు మునిసిపల్ కౌన్సిల్ చూడాలి. పై అంతస్తు కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఒక పెచ్చు ఖాళీ బెంచీ మీద పడింది కాబట్టి సరిపోయింది. ప్రిన్సిపాల్ అర్జీ పెట్టింది, కౌన్సిల్ సమావేశానికి వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చుని చూసింది. సభ్యులు వచ్చారు, సంతకాలు చేశారు, టీ తాగారు, ఒక్కొక్కరే జారుకున్నారు. అజెండాలో స్కూలు కప్పు వంతు వచ్చేసరికి హాల్లో మిగిలినవాళ్లు పేకాటకి కూడా చాలరు. సభ అనిపించుకోవాలంటే కనీసం ఇంతమంది ఉండాలని చట్టంలో ఉంటుంది, దానికి కోరం అని పేరు. "కోరం లేదు, వాయిదా" అన్నాడు చైర్మన్, చేతి గడియారం చూసుకుంటూ. మరుసటి సమావేశంలోనూ అంతే. ఆ తర్వాతా అంతే.

ఆమె స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, స్కూలున్న వార్డు ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. పిల్లల తల్లులు ఇల్లిల్లూ తిరిగారు. గంట టీచర్లు కరపత్రాలు పంచారు. గెలిచింది. మొదటి సమావేశంలో లేచి నిలబడి అంది.

"అధ్యక్షా, సంతకం లోపలికి వచ్చేటప్పుడు కాదు, బయటికి పోయేటప్పుడు పెట్టించండి. ప్రతి అంశానికీ ముందు హాజరు తీసుకోండి."

వెనక వరసలోంచి ఒకాయన, "ఇదేం బడి కాదమ్మా" అన్నాడు.

"బడి కాదు కాబట్టే ఊరుకున్నాను. బడైతే మీ నాన్నని పిలిపించేదాన్ని."

హాలు పగలబడి నవ్వింది. చైర్మన్ కూడా నవ్వి ఇరుక్కుపోయాడు, నవ్వినవాడు కాదనలేడు కదా. ఆ రోజు నుంచీ కౌన్సిలర్లు కుర్చీలకి అతుక్కుని కూర్చోవలసి వచ్చింది. స్కూలు కప్పుకి డబ్బు మంజూరైంది, కొత్త కప్పు వేశారు. ఊరు ఆమెకి హాజరు మేడమ్ అని పేరు పెట్టింది. ఇది జరిగిన మాట, ఎవరూ కొట్టెయ్యలేరు. హాజరు తీసుకుంటే దొంగలు దొరుకుతారని ఆమెకి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది. ఆమె కొంపైతే పోనీ, మునిగింది వేరేవాళ్ల కొంపలు.

పేపర్లో ఫోటో పడ్డ మనిషిని పార్టీలు ఎందుకు వదులుతాయి? ఒక పార్టీ పెద్దాయన స్వయంగా వైండింగ్ షాపుకి వచ్చాడు. తెల్లబట్టలకి నూనె మరకలవుతాయని భర్త స్టూలు తుడవబోతే, "ఫరవాలేదయ్యా, మాకు అంటని మరకా?" అని నవ్వుతూ కూర్చున్నాడు. శాసనసభకి టికెట్ ఇస్తానన్నాడు.

"నాకు ఉపన్యాసాలు రావండీ" అంది ఆమె.

"ఉపన్యాసాలకి మా దగ్గర చాలామంది ఉన్నారు మేడమ్. నమ్మే మొహం ఒక్కటే లేదు."

అంత నిజం అతను మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె దాన్ని పొగడ్త అనుకుంది.

గెలిచింది. ఆ విడత ఆమె పార్టీ ప్రతిపక్షంలో ఉంది. ప్రభుత్వం సర్కారు బడుల ఆటస్థలాల్ని దుకాణాలకి లీజుకిచ్చే బిల్లు తెచ్చినప్పుడు, ఆమె లేచి సభలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమంది. సభ్యుల్ని లోపలికి పిలిచే గంట మోగించారు, జనం చాలలేదు, సభ వాయిదా పడింది, బిల్లు ఆగిపోయింది. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఆమే. ఇంటికి వచ్చేసరికి భర్త ఆ పేపర్ని షాపు గోడకి అంటించి ఉంచాడు. ఆడపడుచు దాన్ని నిలబడి చదివింది. మొత్తం చదివి అడిగింది.

"వదినా, నువ్వు లెక్కపెట్టమన్నప్పుడు మీ పార్టీ వాళ్లు ఎక్కడున్నారు?"

"కాంటీన్లో."

"వాళ్లు లోపలుంటే కోరం ఉండేదా?"

"ఉండేది."

"అంటే వాళ్లూ గైర్హాజరే కదా. వాళ్ల పేర్లెందుకు పిలవలేదు?"

"ఆ బిల్లు ఆగాలి కాబట్టి. ఆటస్థలాలు పోతే మంచిదా?"

"ఆగడం మంచిదే. మరి ఇది హాజరెలా అయిందీ అని అడుగుతున్నా, అంతే."

"నీకన్నీ వెటకారమే" అంది ప్రిన్సిపాల్. విసురుగా లోపలికి వెళ్లింది.

తర్వాతి ఎన్నికల్లో పార్టీ అధికారంలోకి వచ్చింది. ప్రచారంలో గంట టీచర్లందరినీ పర్మనెంట్ చేస్తామని మాటిచ్చింది ఎవరనుకున్నారు? పెద్దాయన కాదు. మైకు ఆమె చేతికిచ్చి ఆమె నోటితో చెప్పించాడు. ఆమె చెబితే గంట టీచర్లు నమ్మారు. వాళ్ల ఇళ్లలోవాళ్లు నమ్మారు. గెలిచాక ఆమె ప్రతి సమావేశానికీ ముందు పెద్దాయన గదికి వెళ్లేది, అతను ప్రతిసారీ "వచ్చే సమావేశంలో" అనేవాడు. మధ్యలో ప్రభుత్వం ఒక ఉత్తర్వు మాత్రం తెచ్చింది. నలభై అయిదు దాటినవాళ్లని గంట టీచర్లుగా ఉంచకూడదట. పీరియడ్ డబ్బులు కూడా దక్కకూడదన్నమాట. పర్మనెంట్ అయితే ఈ ఉత్తర్వు తగలదు. అవకపోతే, ఆ వయసు దాటబోతున్న ఆడపడుచు వేసవి సెలవుల తర్వాత ఆ స్కూలు గేటు దాటడానికి లేదు. ఆమెతో పాటు డ్రాయింగ్ టీచరూ, సైన్స్ టీచరూ, రాష్ట్రం మొత్తం మీద వేలమందీ.

ఆడపడుచు ఇంట్లో ఆ మాట ఎత్తేది కాదు. ఒకరోజు అన్న షాపులో కూర్చుని రాగి తీగ చుట్టలు లెక్కపెడుతుంటే ప్రిన్సిపాల్ చూసింది.

"ఏమిటే ఇది?"

"నేర్చుకుంటున్నా. చెయ్యి ఖాళీగా ఉండకూడదు కదా."

"బిల్లు వస్తుందన్నానా?"

"అన్నావు వదినా. నువ్వంటే వస్తుంది." ఈసారి వెటకారం లేదు. అది ఆమెకి ఇంకా గుచ్చుకుంది.

శాసనసభ గడువు తీరిపోయే చివరి సమావేశంలో బిల్లు నిజంగానే వచ్చింది. చివరి రోజు, మధ్యాహ్నం భోజనాల తర్వాత, చివరి అంశం. ఆ రోజు పాసవకపోతే సభతో పాటు బిల్లూ రద్దవుతుంది. పెద్దాయన ఆమెని పిలిపించాడు. అతని ముఖంలో ఎంత ప్రేమో!

"అమ్మా, ఇది మీ బిల్లు. సభాపతి గారికి ఒంట్లో బాగాలేదు. ఆ పూట కుర్చీలో మీరే కూర్చోండి. మీ చేతుల మీదుగానే అవ్వాలి."

సభాపతి రానప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడానికి కొందరు సభ్యుల్ని ముందే ఎంచి పెడతారు. వాళ్లలో ఆమె ఒకతె. ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "రండే, అందరూ రండి. గాలరీ పాసులు ఇప్పిస్తాను."

సందర్శకుల గాలరీ నిండిపోయింది. గంట టీచర్లు ఇస్త్రీ చీరలు కట్టుకుని వచ్చారు. మొదటి వరసలో ఆడపడుచు, పక్కనే డ్రాయింగ్ టీచరు. కింద హాలు మాత్రం పెళ్లయిపోయిన పందిరిలా ఉంది. విద్యామంత్రి లేచి బిల్లు చదవడం మొదలెట్టాడు. వాచ్ చూసుకుంటూ చదివాడు. రెండో పేరా కాకముందే ప్రతిపక్షం బెంచీల్లోంచి గుబురు మీసాల సభ్యుడు ఒకాయన లేచాడు.

"అధ్యక్షా, సభలో కోరం లేదు. లెక్కపెట్టించండి. ఇది మీరు పెట్టిన సంప్రదాయమే."

ఆయన వెటకారంగా అన్నాడో మామూలుగా అన్నాడో చెప్పలేం. ఆమె మీట నొక్కింది. గంట కాంటీన్‌లో, లాబీల్లో, బయట వరండాల్లో మోగింది. తలుపుకి అద్దం ఉంది. ఆ అద్దంలోంచి ఆమెకి లాబీ కనిపిస్తోంది. అక్కడ మనుషులున్నారు. ప్రతిపక్షం వాళ్లు కాదు, ఆమె పార్టీ వాళ్లే. గోడకి ఆనుకుని ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకడు పళ్లు కుట్టుకుంటున్నాడు. ఇంకొకడు తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, ఆమె కళ్లల్లో కళ్లు పడగానే వెనక్కి తగ్గాడు. గంట మోగుతూనే ఉంది.

కుర్చీ కింద బల్ల దగ్గర కూర్చునే సభా కార్యదర్శి లేచి ఆమె చెవి దగ్గరికి వంగాడు. ముసలి ఉద్యోగి, ఎందరో సభాపతుల్ని చూసినవాడు.

"మేడమ్, ఇక్కడ కూర్చున్నవాళ్ల మాటే లెక్క. ఉన్నారు అంటే ఉన్నారు. ఇంతవరకూ ఎవరూ తిరగలెక్క పెట్టలేదు."

"లేరు కదండీ."

"లేరు. మీకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లు బల్ల మీది సంచుల్ని కూడా లెక్కపెట్టేవారు మేడమ్. చెప్పాను, మీ ఇష్టం."

ఆమె తల ఎత్తి గాలరీ వైపు చూసింది. ఆడపడుచు కటకటాల మీదికి వంగి ఉంది. పైనుంచి ఆమెకీ హాలు కనిపిస్తోంది. లెక్కల టీచరు, వేళ్లు కదపకుండానే లెక్కపెట్టగలదు. ఎంత తక్కువో ఆమెకి ఈపాటికి తెలిసిపోయింది. అయినా వదిన వంక చూస్తోంది, ఉన్నారని చెప్పు అన్నట్టు. బతిమాలుతున్న చూపు కాదది. ఒక మనిషి ఇంకో మనిషిని ఒక్కసారి, ఒక్క అబద్ధం అడుగుతున్న చూపు.

ప్రిన్సిపాల్ చూపుడు వేలు ముందుకి చాచి, క్లాసులో లాగా, మొదటి వరస నుంచి చివరి వరస దాకా లెక్కపెట్టింది. మళ్లీ చివరి నుంచి మొదటికి లెక్కపెట్టింది.

"కోరం లేదు. సభ నిరవధికంగా వాయిదా" అంది.

గాలరీలో ఎవరూ అరవలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి, అంతే. అరిచి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

పెద్దాయన గదిలో అప్పటికే విలేకర్లు ఉన్నారు. ఆమెని చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు. "సొంత బిల్లని కూడా చూడలేదు. సభ గౌరవం నిలబెట్టారు" అన్నాడు. ఫ్లాషులు వెలిగాయి. విలేకర్లు వెళ్లాక ఆమె తలుపు వేసింది.

"సార్, మనవాళ్లు లాబీలోనే ఉన్నారు."

"ఉన్నారమ్మా."

"మీరు ఆపారా?"

అతను నీళ్లు నమల్లేదు. అంతవరకూ మెచ్చుకోవాలి. "ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. అంతమందికి జీతాలెక్కడివి? వద్దంటే ఓట్లు పోతాయి. సరేనంటే ఖజానా పోతుంది. ఇప్పుడు చూడండి, మేం పెట్టాం, ప్రతిపక్షం అడ్డుపడింది. జనం వాళ్లని తిడతారు."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టారు?"

"వేరే ఎవర్ని కూర్చోబెట్టినా, గాలరీలో అంతమంది ఆడవాళ్లని చూసి, ఉన్నారులే అని చెయ్యి ఊపి పాస్ చేసేస్తారు. మీరైతే లెక్కపెడతారని తెలుసు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "నేను రాజీనామా చేస్తాను."

"దేనికి? సభే రద్దైపోతుంటే రాజీనామా ఏమిటమ్మా." ఆమె ముందుకి మంచినీళ్ల గ్లాసు జరిపాడు. "ఇంటికెళ్లి పడుకోండి. టికెట్ మీదే. రేపు సాయంత్రం లోపల ఔననండి చాలు."

ఇంటికి వచ్చేసరికి భర్త షాపులో ఒక పంపు మోటారు విప్పి కూర్చున్నాడు. ఆడపడుచు ఎదురు స్టూలు మీద ఉంది, గాలరీకి కట్టుకెళ్లిన చీరతోనే. ప్రిన్సిపాల్ నిలబడే జరిగిందంతా చెప్పింది, పెద్దాయన అన్న చివరి మాటతో సహా. దాచుకోలేదు. భర్త స్పానర్ కింద పెట్టేశాడు.

"వాణ్ని ఈ స్టూలు మీదే కూర్చోబెట్టి టీ ఇచ్చాను కదే నేను" అన్నాడు.

ఆడపడుచు స్టూలు ముందుకి జరిపింది.

"వదినా, కార్యదర్శి చెవిలో ఏం చెప్పాడు?"

"ఉన్నారని చెప్పేయమన్నాడు."

"చెప్పి ఉంటే?"

"అబద్ధం అయ్యేది."

"అయ్యేది. ఇంకా?"

"ఇంకా అంటే?"

"ఇంకేం అయ్యేదీ అని అడుగుతున్నా. ఎవరికి నష్టం? ఏ పిల్లాడి చదువు పోయేది? ఎవరి నోటి దగ్గర కూడు పోయేది?"

"నేను ఎలా చెప్తానే, నా కళ్ల ముందు ఖాళీ కుర్చీలుంటే? నా స్థానంలో నువ్వుండి, పోయేది నా ఉద్యోగమైతే, నువ్వేం చేసేదానివి?"

"ఉన్నారని చెప్పేదాన్ని. గట్టిగా చెప్పేదాన్ని."

"నేనైతే లెక్కపెట్టమనే చెప్పేదాన్ని, పోయేది నా ఉద్యోగమైనా."

"ఆ మాట నీకు తేలిగ్గా వస్తుంది. నీ ఉద్యోగం ఎప్పుడూ పోలేదు వదినా. నువ్వే వదులుకున్నావు, పెన్షన్‌తో సహా." ఆడపడుచు గొంతు పెంచలేదు. "వాళ్లు నిన్ను మోసం చెయ్యలేదు. నీ నిజాయితీకి ఒక పిడి ఉంది, అది వాళ్లకి దొరికింది. మా మెడ మీద పెట్టి నొక్కారు. చేతికి నెత్తురంటింది నీకే, వాళ్లకి కాదు."

"ఇంక చాల్లేవే" అన్నాడు అన్న.

"చాలదన్నయ్యా." ఆమె వదిన వైపు తిరిగింది. "ఇంకో దారి ఉంది. బస్సులో వస్తూ మేమంతా మాట్లాడుకున్నాం. పార్టీ వదిలెయ్. మళ్లీ ఒంటరిగా నిలబడు, మొదటిసారి నిలబడ్డట్టు. ఈ నియోజకవర్గంలో ప్రతి బడిలోనూ మేమున్నాం. ఇల్లిల్లూ మేం తిరుగుతాం. లాబీలో ఎవరు నిలబడ్డారో నువ్వు పేర్లు పెట్టి చెప్పు. అదీ హాజరంటే."

డ్రాయింగ్ టీచరు ఇంతకుముందే గడపలోకి వచ్చి నిలబడి ఉంది. "కోపం లేదు మేడమ్. నిజంగా. మీరు నిలబడితే చాలు" అంది.

ప్రిన్సిపాల్ ఇద్దరినీ చూసింది. "రేపు చెప్తాను" అంది.

మర్నాడు టికెట్ అతని మొహాన కొట్టడానికే వెళ్లింది. ఆ సంగతి అబద్ధం కాదు. పెద్దాయన ఆమె మాట పూర్తిగా విన్నాడు, తలాడించాడు, పక్క గది తలుపు వైపు చూపించాడు. "సరేనమ్మా. మీరు కాకపోతే ఆయన. ఇప్పుడే వచ్చి కూర్చున్నాడు." తలుపు సందులోంచి ప్రైవేటు స్కూళ్ల యజమాని కనిపించాడు. ఊరూరా ఒక బిల్డింగు, బిల్డింగుకొక బస్సు. సర్కారు బడి ఎక్కడ మూతపడితే అక్కడ అతని బోర్డు లేచేది. "ఆయన వస్తే విద్యాశాఖ అడుగుతాడు. మీరుంటే మీకే ఇద్దామనుకున్నాను. మంత్రి సంతకం పెడితే ఉత్తర్వు ఎంతలో పోతుంది? ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంది. భయపడిన ప్రతివాడూ ఆలోచించుకున్నాననే అంటాడు.

సాయంత్రం షాపు ముందు, వరండాలో, మెట్ల మీద గంట టీచర్లు కూర్చుని ఉన్నారు. భర్త ఉన్న గ్లాసులన్నీ తీసి టీ పోసిచ్చాడు, చాలక పక్కింట్లోంచి తెచ్చాడు. పార్టీ కారు వచ్చి ఆగింది. కారుని చూడగానే ఆడపడుచుకి అర్థమైపోయింది. మిగిలినవాళ్లు ఆశగా లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ మెట్టు మీదికి ఎక్కి, అసెంబ్లీలో కాదు, ప్రార్థన వేళ స్కూలు వరండాలో మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"నేను తప్పుకుంటే మన బడులు మింగేసేవాడు వస్తున్నాడు. అందుకని ఒప్పుకున్నాను. ఈసారి విద్యాశాఖ నాకే. మంత్రినయ్యాక మొదటి సంతకం మీ ఉత్తర్వు మీదే."

డ్రాయింగ్ టీచరు కింద పెట్టిన గ్లాసు తీసి మిగిలిన టీ తాగేసి, "అప్పటిదాకా మా వయసుల్ని ఎవరాపుతారు మేడమ్?" అంది. అడిగి జవాబు కోసం ఆగలేదు. చెప్పులేసుకుంది. ఒక్కొక్కరే వీధిలోకి దిగారు.

ఆడపడుచు మాత్రం కదల్లేదు.

"అయితే నేను నిలబడతాను" అంది.

"ఎక్కడ?"

"ఇక్కడే. నీ మీద."

"ఓడిపోతావే."

"ఓడిపోతాను. అందాకా ప్రతి గుమ్మం ముందూ లాబీలో నిలబడ్డవాళ్ల పేర్లు చెబుతాను. నీ పేరు కూడా."

భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నా ఓటు ఎవరికని ఎవరూ అడగొద్దు, చచ్చిపోతాను" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆడపడుచు ఓడిపోయింది. చిత్తుగా ఏమీ ఓడిపోలేదు. ప్రతి స్కూలు చుట్టుపక్కలా ఆమెకి ఓట్లు పడ్డాయి. అయితే గెలిచింది హాజరు మేడమే, ఇదివరకెప్పుడూ రానంత ఆధిక్యతతో. సొంత బిల్లుని సైతం వదులుకున్న నిజాయితీ అని పేపర్లు రాశాయి, ఆ రాతలకే సగం ఓట్లు పడ్డాయి. మంత్రివర్గంలోకి తీసుకున్నారు కూడా. విద్యాశాఖ ప్రైవేటు స్కూళ్ల యజమానికి పోయింది. పక్క నియోజకవర్గంలో టికెట్ ఇచ్చి అతన్నీ గెలిపించుకున్నారు. ఆమెకి ముద్రణ, స్టేషనరీ శాఖ ఇచ్చారు. ప్రమాణ స్వీకారం రోజున అందరికంటే ముందు వచ్చి కూర్చుందట. ఉత్తర్వు ఇంకా అలాగే ఉంది.

మంత్రి అయ్యాక మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు ఊరేగింపు తీశారు, ఆమె జీపెక్కకుండా జనంతో పాటు నడిచింది. అది వైండింగ్ షాపు ముందు నుంచే వెళ్లాలి. వేరే వీధి లేదు. డప్పులు, టపాకాయలు, మైకుల్లో ఆమె పేరు. షాపులో ఆడపడుచు తీగ చుట్టడం పూర్తి చేసిన మోటారుకి కరెంటిచ్చి, అన్న తల దగ్గరగా వంచి చెవి పెట్టి వింటున్నాడు. బాగున్న మోటారు ఒక తీరుగా మోగుతుంది, లేనిది ఇంకో తీరుగా. ఆ గోలలో ఏమీ వినపడలేదు. అతను విసుక్కుని లేచి షట్టర్ కిందికి లాగబోయాడు.

"మొత్తం దించకన్నయ్యా" అంది ఆడపడుచు, ఇంకో మోటారు ముందుకి లాక్కుంటూ. "ఇది రేపటికి ఇచ్చెయ్యాలి. చీకటైతే తీగ కనపడదు."

అతను సగం దించి వదిలేశాడు. షట్టర్ కింది సందులోంచి కాళ్లు మాత్రమే కనిపించాయి. చాలా కాళ్లు. ఆ కాళ్లలో ఒక జత కాసేపు ఆగింది. తర్వాత వెనకున్నవాళ్లు తోసుకొచ్చారు, అదీ ముందుకి వెళ్లిపోయింది.